వెనక్కి వెళ్ళినా ఫోరే

రెండు మాటలు చాలమ్మా అన్నారు చర్చి అయ్యగారు. జ్ఞాపకార్థ కూడికలో సాక్ష్యాలన్నీ అయ్యాక, తను బైబిలు తెరిచి వాక్యం చెప్పే ముందు, లేచి నిలబడి రెండు మాటలు, ఆనంద్ పాల్ గారి గురించి మీకు ఏది చెప్పాలనిపిస్తే అది. తాడేపల్లిగూడెం హైస్కూల్లో ఇన్నేళ్ళుగా తెలుగు చెప్తున్నదాన్ని, రెండు మాటలకి భయపడతానని ఆయన అనుకుని ఉండరు. పిల్లలకి నేనే చెప్తుంటాను, వ్యాసం మొదలుపెట్టే ముందు ఒక్క నిజమైన వాక్యం వెతుక్కోండర్రా, మిగిలినవి దాని వెంట వాటంతటవే వస్తాయి అని. జూన్ నుంచి వెతుకుతున్నాను. మంచి భర్త అనొచ్చు. నిజమే, కానీ ఆ మాట ఈ ఏలూరులో దండ వేసిన ప్రతి ఫొటో ముందూ చెప్తారు, అందులో మా ఆయన ఎక్కడున్నారు? ప్రార్థనాపరుడు అనొచ్చు, అందరూ ఆమెన్ అంటారు కూడా, కానీ గుడిలో ఆయన తల వంచేది నిద్రకి, ఆ సంగతి నాకూ తెలుసు, పక్క బెంచీ వాళ్ళకీ తెలుసు. ఇక మిగిలింది ఒకటే. దాన్ని చెప్పొద్దన్నారు. మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి బావగారు, అంటే మా ఆయన అన్నగారు క్రీస్తుదాసు గారు, గొంతు తగ్గించి అన్నారు, "అమ్మా పెర్సిస్, ఆ ఆట గోల మాత్రం ఎత్తకమ్మా. కైకలూరు నుంచీ కలిదిండి నుంచీ పెద్దవాళ్ళు వస్తున్నారు. నలభై ఏళ్ళ మనిషి దీపాలు పెట్టే వేళకి టీవీ ముందు కూర్చుని బొమ్మలతో ఆడుకునేవాడంటే ఏం బాగుంటుంది చెప్పు." అలాగేనండి అన్నాను. అత్తయ్యగారు పీట మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తున్నారు, తలెత్తలేదు.

పాట మొదలైంది. డాబా మీద షామియానా, ఎర్ర కుర్చీలు, తబలా పాట కంటే ఒకడుగు వెనక. వాన వెలిసిన ఆగస్టు సాయంత్రం, గాలి దక్షిణం నుంచి తిరిగింది కాబట్టి కొల్లేటి వైపు వాసన, తడి గడ్డీ చేపల మేతా కలిసిన ఆ వాసన, ఆయన చొక్కాల్లో ఉండేది, ఎంత ఉతికినా పోయేది కాదు, ఇప్పుడు అల్మారాలో ఉన్న చొక్కాల్లో కొంచెం కొంచెంగా పోతోంది. చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలుంటాయి కదా, వాటి మోటార్లు బాగుచేసేవారు. కైకలూరులో చిన్న షెడ్డు, కలిదిండి చుట్టూ ఎక్కడ చక్రం ఆగినా బండి మీద ఈయన. అలా వెళ్ళిన ఒక ఇంట్లో మూలన పడి ఉందట ఆ ఆట మెషీను, టీవీకి తగిలించి ఆడే వీడియో గేము. చెరువుల ఆసామి భీమశంకరం గారు, అదిగో మూడో వరసలో కూర్చున్నారు, చెప్పులు విప్పాలో అక్కర్లేదో తెలియక ఒక చెప్పు మాత్రం విప్పి, ఆయనే ఇచ్చారు. "పాల్ గారూ, ఇన్ని మోటార్లు తిప్పుతారు, ఇదేమన్నా కదుల్తుందేమో చూడండి, కదిలితే మీరే ఉంచేసుకోండి." మేత సంచిలో చుట్టి తెచ్చారు దాన్ని. వాకిట్లో పేపరు పరిచి విప్పితే లోపల చీమలు, వాటి గుడ్లు, కొంచెం మట్టి. ఒక ఆదివారమంతా మోటార్లు తుడిచే కుంచెతో, దూదితో, ఎంత నెమ్మదిగానో తుడిచారు. చీమలు నడవలేనంత నున్నగా చేశాను టీచరుగారూ అన్నారు. ఇంట్లో నన్ను టీచరుగారూ అనే పిలిచేవారు, వెక్కిరింపుకి మొదలుపెట్టి అలవాటైపోయి.

మెషీనుతో పాటు డిస్కులు కూడా వచ్చాయి, కార్ల పందెమొకటి, కుస్తీలొకటి, క్రికెట్టొకటి. అన్నీ గీతలే. క్రికెట్టు మీద ఆయన ఎంత ఆశ పెట్టుకున్నారో! మైదానం వచ్చింది, ఇద్దరు కెప్టెన్లు వచ్చారు, నాణెం గాల్లోకి లేచింది, అక్కడే ఉండిపోయింది. అన్నం తిని వచ్చి చూసినా గాల్లోనే ఉంది. చివరికి ఒక్కటే డిస్కు పూర్తిగా తిరిగింది, బేస్‌బాల్ ఆట. మా ఇద్దరిలో ఎవరమూ ఎన్నడూ చూడని ఆట. సరే, తిరిగేది ఇదొక్కటే కదా, దీన్నే నేర్చుకుందాం అన్నారు. స్క్రీను మీద ఇంగ్లీషు చదివి చెప్పడం నా పని, ఆడటం ఆయన పని, మంచం మీద కాళ్ళు చాపుకుని మోకాళ్ళకి నూనె రాసుకుంటూ తీర్పు చెప్పడం అత్తయ్యగారి పని. మొదటి బంతి వచ్చింది, ఆయన వదిలేశారు, ఆఫ్ స్టంపు బయట పోతోందని. రెండోదీ వదిలేశారు. మూడోది వదిలేయగానే వెనకాల నిలబడ్డ అంపైరు చెయ్యి విసిరి అవుటన్నాడు. మా ఆయన లేచి నిలబడి, టీవీతో, "వికెట్లే లేవు కదండీ అంపైరు గారూ, బౌల్డెలా అయ్యానండీ?" అని అడిగారు. మెషీనుని కూడా మీరు అనే అన్నారు. ఎవర్నయినా అలాగే అనేవారు.

పాట అయిపోయింది, అందరూ కూర్చున్నారు, నేనూ కూర్చున్నాను. ఆ ఆటలో కర్ర పట్టుకున్నవాడి దగ్గర్నుంచి రెండు తెల్లగీతలు విసనకర్రలాగా ముందుకి విచ్చుకుని ఉంటాయి. బంతి వాటి మధ్యన పడితేనే ఆట. వెనక్కో పక్కకో పోతే ఫౌల్, లెక్కలోకి రాదు. కానీ ఊహ తెలిసిన దగ్గర్నుంచి క్రికెట్టు ఆడిన చేయి, బంతి కర్ర దాటబోతుండగా చిన్నగా తాకించి వికెట్ల వెనక్కి జార్చడం, అందులోనే కదా అందం. అలాగే జార్చారు, బంతి వల మీంచి జనంలోకి పోయింది, ఆయన "ఫోర్!" అని అరిచారు. కాదండీ, ఫౌలంట, తప్పంట అన్నాను. "కర్రకి తగిలింది. ఎవడూ పట్టుకోలేదు. గోడ దాటింది. ఇందులో తప్పేముందమ్మా?" అని వాళ్ళమ్మని అడిగారు. అత్తయ్యగారు నూనె చేతిని చీరకి అంటకుండా పైకి పట్టుకుని ఆలోచించి, "తప్పేం లేదురా" అన్నారు. అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో వెనక్కి వెళ్ళినా ఫోరే. మెషీను స్కోరు మెషీనుది, ఇంటి స్కోరు ఇంటిది. మెషీను లెక్కలో సున్నాకి ఓడిపోయేవారు, ఇంటి లెక్కలో సెంచరీ కొట్టి కర్ర పైకెత్తినట్టు చెయ్యెత్తేవారు, అత్తయ్యగారు చప్పట్లు.

"నా తమ్ముడు ప్రార్థనాపరుడు," అంటున్నారు బావగారు. మైకు దగ్గరగా పట్టుకున్నారు కాబట్టి ప్రతి ప్ర దగ్గరా ఒక గాలి దెబ్బ. "వేకువనే లేచి..." వేకువనే లేచేవారు, నిజమే, చెరువుల్లో చేపలు ఊపిరాడక పైకి తేలేది ఆ వేళకే కాబట్టి ఫోన్లు అప్పుడే వచ్చేవి. బావగారి మీద నాకు కోపం లేదు, తమ్ముణ్ణి అందరి ముందూ కాస్త ఎత్తుగా నిలబెట్టాలని ఆయన తాపత్రయం. ఆట మెషీను వచ్చిన కొత్తలో అక్కయ్యగారు, బావగారి భార్య, పిల్లలు లేని ఇంటికి ఆటబొమ్మ తెచ్చుకున్నారు అన్నారట. ఎవరో వచ్చి చెప్తే ఆ మాటని చాలాసేపు మనసులో తిప్పి చూశాను, దిద్దడానికి ఎక్కడా తప్పు కనబడలేదు. పిల్లలు లేరు, నిజం. ఆటబొమ్మ తెచ్చుకున్నాం, అదీ నిజం. అది వచ్చాక సాయంత్రాలు ఎంత బాగుండేవో ఆ వాక్యంలో లేదు, అంతే.

దిద్దే అలవాటు చేతిలో ఉండిపోయింది కాబట్టి, ఆ ఆటని నేను దిద్దాల్సి వస్తే, తప్పులు ముందు. మొదలవడానికి ఎంతసేపో, నల్ల స్క్రీను మీద ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది, ఆలోగా అత్తయ్యగారు బియ్యంలో రాళ్ళేరడం అయిపోయేది. జనం అంతా అట్టబొమ్మలు. మూడో వరసలో పసుపు చొక్కా మనిషి బంతి ఎటు పోయినా ఒకేలా లేచి ఒకేలా గ్లాసెత్తుతాడు, కొంచెం అవతల మళ్ళీ అతనే, పై మెట్టు మీద మళ్ళీ అతనే. పాపం వీళ్ళమ్మకి ఎంతమంది కవలలో అనేవారు అత్తయ్యగారు. అంపైరు చెయ్యి కీపరు భుజంలోంచి దూరి అవతలికి వచ్చేస్తుంది. బంతి గాల్లో ఉన్నప్పుడు, సరిగ్గా పట్టుకోవాల్సిన క్షణంలో, చూపించే వైపు మారిపోతుంది, మనవాడు గోడకేసి పరిగెత్తుతూ ఉంటాడు, బంతి వాడి వెనక పడుతుంది. మన ఫీల్డర్లు ఎటు విసరాలో తెలియక ఎవరూ లేని చోటికి విసురుతారు. ఎండాకాలం వేడికి ఆట మధ్యలో బొమ్మ బిగుసుకుపోయేది, టేబుల్ ఫ్యాను మెషీను వైపు తిప్పి మేం ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం. ఆడేవాళ్ళు ఊరికే నములుతారు, ఊరికే ఉమ్ముతారు. తెల్లవాళ్ళు కూడా కిళ్ళీ వేస్తారా అమ్మాయ్ అని అడిగారు అత్తయ్యగారు, వేస్తారేమోనండి అన్నాను.

గుణాలు. కర్రకి బంతి సరిగ్గా తగిలినప్పుడు ఒక చప్పుడు వస్తుంది, టక్ అని, కొబ్బరికాయ ఒక్క దెబ్బకి రెండు చెక్కలైనట్టు, ఆ చప్పుడు చేసినవాడెవడో చెవి ఉన్నవాడు. గడ్డి. పచ్చిక ఒక చారకి ముదురాకుపచ్చ, ఒక చారకి లేతాకుపచ్చ, నాట్లయ్యాక పై నుంచి చూసిన మళ్ళలాగా. ఆట మధ్యాహ్నం మొదలైతే స్టేడియం నీడ నెమ్మదిగా మైదానం మీదకి జరుగుతూ వస్తుంది, ఎవరూ గమనించక్కర్లేని నీడ, దాన్ని కూడా ఎవరో ఓపిగ్గా గీశారు. అన్నిటికంటే, ఆ ఆటకి గడియారం లేదు. ఓవర్లు లేవు. చివరివాణ్ణి అవుట్ చేసేదాకా ఆట అవనే అవదు, ఎంత వెనకబడినా సరే, కర్ర చేతిలో ఉన్నంతసేపూ ఉన్నట్టే. ఇది మా ఆయనకి ఎంత నచ్చిందో! మనకి తొందర లేదు టీచరుగారూ, వాళ్ళకే తొందర అనేవారు.

ఇంకొకటుంది. బంతి విసిరేవాడి పేరు కింద ఒక ఆకుపచ్చ గీత. ఒక్కో బంతికీ కాస్త కాస్త కురచవుతుంది, పసుపవుతుంది, ఎరుపవుతుంది. అంటే వాడు అలిసిపోతున్నాడు. మూడుసార్లు తప్పితే అవుటు కానీ, ఆ ఆఖరి తప్పు మాత్రం ఫౌల్ కొడితే లెక్క కాదు. కాబట్టి ఈయన వెనక్కీ వెనక్కీ ఫోర్లు కొడుతూ ఎంతసేపైనా అవుటవకుండా నిలబడేవారు, అవతలివాడు చొక్కా చేతికి నుదురు తుడుచుకుంటూ ఇంక విసరలేక విసిరేవాడు. పూలదండ విసిరినంత నెమ్మదిగా వచ్చేది బంతి. ముందు నేనే కనిపెట్టాను ఆ సంగతి. "ఏవండీ, వాడి పనైపోయింది, ఇప్పుడు ముందుకి కొట్టండి, గోడ దాటుతుంది!" ఆయన బంతి వెనక్కి జార్చి, ఫోర్ అని, నా వైపు జాలిగా చూసేవారు. "ఫోర్లు ఇంత బాగా వస్తుంటే అటెందుకండీ కొట్టడం, అక్కడ ఇంతమంది నిలబడి ఉంటే?" నాకు నవ్వాగేది కాదు. అన్ని తెలివితేటలూ ఉండి కావాలని ఓడిపోయే మనిషిని ఏమనాలి? తర్వాత ఒక పుస్తకంలో చదివాను, అలా ఫౌల్స్ కొట్టి విసిరేవాణ్ణి అలసగొట్టడం నిజమైన ఆటగాళ్ళు చేసే పనేనట, అదొక విద్యట. వచ్చి చెప్తే ఆయన పొంగిపోలేదు. వాళ్ళకీ తెలుసన్నమాట ఫోరని, అన్నారు.

ముందు వరసలో జోగారావు గారు ఖర్చీఫుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. పక్కింటాయన. మార్చిలో మన వాళ్ళు ప్రపంచ కప్పులో మొదట్లోనే ఓడిపోయి ఇంటికొచ్చేసినప్పుడు మా వీధి వీధంతా టీవీలు కట్టేసి చీకట్లో కూర్చుంది. మా ఇంట్లోంచి మాత్రం ఫోర్, ఫోర్ అని కేకలు. జోగారావు గారు గోడ మీద గడ్డం ఆనించి, ఎంతో ఆశగా, "ఇంకా మ్యాచేమైనా మిగిలుందాండీ?" అని అడిగారు. రండి రండి అని కుర్చీ వేశారు ఈయన. ఆ తర్వాత ఆయన రోజూ వచ్చేవారు. ఒకరోజు బంతి వచ్చి మన ఆటగాడి కాలికి తగిలింది. ఎల్బీడబ్ల్యూ, అవుటు, అన్నారు జోగారావు గారు న్యాయంగా. స్క్రీను మీద మన ఆటగాడు కర్ర పడేసి, కుంటుకుంటూ, దర్జాగా మొదటి బేసు మీదకి, అంటే పరుగులో మొదటి మజిలీకి, నడిచి వెళ్ళాడు. దెబ్బ తగిలిందని ఊరికే ఒక బేసు ఇచ్చేశారండీ అని చదివి చెప్పాను. జోగారావు గారు కుర్చీలోంచి లేచిపోయారు. "కాలు అడ్డం పెట్టినందుకు అవుటివ్వాల్సింది పోయి బహుమానమా! ఇదేం ఆటండీ!" "మర్యాదస్తుల ఆటండి," అన్నారు మా ఆయన. అత్తయ్యగారికి నవ్వి నవ్వి కళ్ళనీళ్ళొచ్చాయి.

భీమశంకరం గారు మైకు అందుకున్నారు, ఇప్పుడు రెండు చెప్పులూ విప్పేశారు. అలవాటు లేదు ఆయనకి, మైకుని దూరంగా, కొరుకుతుందేమో అన్నట్టు పట్టుకున్నారు. "పాల్ గారు వస్తే చెరువుకి ఊపిరొచ్చేదండి. అంతేనండి. ఆ రోజు కూడా చక్రం తిప్పి, నీళ్ళు తెల్లగా చిమ్ముతుంటే చూసి, అప్పుడే కూర్చున్నారండి..." అక్కడ ఆగిపోయారు. గట్టు మీద కూర్చున్నారట, మంచినీళ్ళు అడిగారట, తెచ్చేసరికి లేరట. ఆ రోజు గురించి నేను కూడా అంతకంటే చెప్పను. మా ఇంట్లో టీవీ మీద దుప్పటి కప్పారు ఎవరో, అది అలాగే ఉంది. బళ్ళో జవాబు పత్రాల మీద చాలా బాగుంది అని రాయబోయి బాగుంది అని రాస్తున్నాను, పిల్లలు కనిపెట్టారో లేదో. నవ్వలేదు అనను, నవ్వాల్సిన చోట నవ్వుతూనే ఉన్నాను. నవ్వొచ్చి నవ్వలేదు.

"ఇప్పుడు సహోదరి పెర్సిస్ గారు," అన్నారు అయ్యగారు.

లేచాను. మైకు వేడిగా ఉంది అందరి చేతుల్లోంచీ వచ్చి. అందరి మొహాలూ కొద్దిగా వంగి, నేను ఏడిస్తే చూడకుండా ఉండటానికి తయారుగా. మంచి భర్త అనబోయాను, నోట్లో ఆ మాట తయారుగానే ఉంది, అందరికీ సరిపోయే కొలత. బావగారు చెయ్యి నుదుటికి ఆనించుకుని ఉన్నారు. ఇది చెప్పకపోతే ఈ డాబా మీద ఇంతమంది ఇంకెవరికోసమో కూడినట్టే, ఆయన కోసం కాదు, అనిపించింది. బావగారూ, క్షమించండి అనుకున్నాను.

"మా ఆయనకి ఒక ఆట ఉండేదండి," అన్నాను. "ఏడాది పాటు రోజూ ఆడారు. రోజూ ఓడిపోయారు. ఓడిపోయాక టీవీకి దండం పెట్టి, మళ్ళీ రేపు రండి అనేవారు. ఒక్కరోజు విసుక్కోలేదు. నాకు తెలిసి ఆయన ఒక్కసారి కూడా గెలవలేదండి. అంత సంతోషంగా ఓడిపోయే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు."

ఇదే, జూన్ నుంచి వెతుకుతున్న వాక్యం, ఇది నిజం, మొదటి నుంచి చివరి దాకా. ఇంక కూర్చోవచ్చు. అప్పుడు వెనకాల, ఆడవాళ్ళ వైపు నుంచి, గొంతు వినబడింది.

"ఒకసారి గెలిచాడమ్మాయ్."

అందరూ వెనక్కి తిరిగారు. అత్తయ్యగారు కుర్చీలో కాళ్ళు చాపుకుని, నా ఒక్కదానికే చెప్తున్నట్టు చెప్తున్నారు. "నువ్వు టెన్తు పేపర్లు దిద్దడానికి వెళ్ళావు చూడు, ఆ ఎండల్లో, అప్పుడు. విసిరేవాడు అలిసిపోయాక నువ్వు అంటావే ముందుకి కొట్టమని, అలాగే కొట్టాడు. గోడ దాటింది."

"నాకు చెప్పలేదేంటండీ?" మైకు చేతిలో ఉందని మరిచిపోయి అడిగాను, వీధి చివర దాకా వినబడి ఉంటుంది.

"నేనే చెప్దామన్నాను. వద్దన్నాడు. ఓడిపోయిన రోజు టీచరుగారు పొట్ట పట్టుకుని నవ్వుతారమ్మా, గెలుస్తానని తెలిస్తే ఇంక నవ్వరేమో, అన్నాడు."

నాకు లోపల ఎక్కడో, చాలా కింద, ఏదో కదిలింది. ఏడుపనుకున్నాను, దానికి సిద్ధపడి పళ్ళు బిగించాను, తీరా పైకి వచ్చాక చూస్తే అది నవ్వు. తెల్లచీరలో, దండ వేసిన ఫొటో పక్కన, అయ్యగారి ముందు, కలిదిండి పెద్దల ముందు, మైకులో నవ్వాను. మోసం! ఇన్ని తెలివితేటలుండి కావాలని ఓడిపోతున్నారని నేను ఊరికే అనుకునేదాన్ని. నిజంగానే కావాలని! జోగారావు గారు ఎర్రబడిన కళ్ళతో, "నన్ను పిలవలేదేంటండీ మరి, గోడ అవతలే ఉన్నాను కదా," అన్నారు. ఎవరో ఆడవాళ్ళు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, అది దేనికో తెలిసిపోతూనే ఉంది. భీమశంకరం గారు ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాకుండానే నవ్వుతున్నారు.

బావగారు నుదుటి మీంచి చెయ్యి తీశారు. కాసేపు ఫొటో వైపు చూశారు. తర్వాత కుర్చీలో వెనక్కి తిరిగి, వాళ్ళమ్మని, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారు.

"ఎంతకి గెలిచాడమ్మా?"

"ఆ లెక్కలు నాకేం తెలుసురా," అన్నారు అత్తయ్యగారు. "లేచి గంతులేశాడు. నన్ను కూడా చేతులు పట్టుకుని మంచం మీంచి లేపేశాడు."

"ఆ మోకాళ్ళతోనా?"

"ఆ మోకాళ్ళతోనే."

వాక్యానికని లేచిన అయ్యగారు తెరిచిన బైబిలు మూసి, మళ్ళీ కుర్చీలో కూర్చుని, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు.